మా ఇంట్లో తాగిన దొరలు

"మన బందరు ఇంట్లో ఇంగ్లీషువాళ్ళు తాగేవాళ్ళంట, రత్నం!"

పొద్దున్నే ఫోనెత్తగానే మా అన్నయ్య అన్న మొదటి మాట ఇది. బాగున్నావా అని లేదు, మోకాళ్ళు ఎలా ఉన్నాయని లేదు. హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరై పామర్రులో స్థిరపడిన మనిషి, వరండాలో కూర్చుని పేపరుకు అచ్చుతప్పులు దిద్దే మనిషి, క్రికెట్ మ్యాచ్ గెలిచిన కుర్రాడిలా అరుస్తున్నాడు. నేను విజయవాడలో మా వంటింట్లో అప్పుడే పాలు పొయ్యి మీద పెట్టాను. ఎవరు తాగారు, ఎప్పుడు తాగారు అని అడిగేలోపు పాలు పొంగి స్టవ్వంతా పారాయి. ఆయన ఆగితేనా! బందరులో పాత రేవుకు వెళ్ళే దారిలో మాకొక ఇల్లుంది. మా నాయనమ్మది, ఇప్పుడు అన్నయ్య పేరు మీద ఉంది. చాలా ఏళ్ళు ఒక ఎరువుల వ్యాపారి గోడౌనుగా వాడుకుని ఈ మధ్యే ఖాళీ చేశాడు. విజయవాడలో ఒక కాలేజీలో చరిత్ర చెప్పే హారిక అనే అమ్మాయి, విద్యార్థుల్ని వెంటబెట్టుకుని బందరులో పాత కట్టడాలు చూస్తూ ఆ ఇంట్లోకి వెళ్ళిందట. కిటికీలో మనిషి కాళ్ళు మడుచుకుని కూర్చోగలిగినంత మందం గోడలు. లోపల ఇటుక అరుగు, అరుగు మీద వరుసగా గుండ్రటి గుంటలు. ఇది కంపెనీ రోజుల్లో ఇంగ్లీషు నావికులు తాగడానికి చేరిన పంచ్ హౌస్ అయి ఉండాలని ఆ అమ్మాయి తేల్చిందట. వచ్చే ఆదివారం ఇంటి ముందు బోర్డు పెడతారట, ఊళ్ళో పెద్దమనుషులు వస్తారట, అన్నయ్య కొబ్బరికాయ కొట్టాలట.

"గుంటలేంటి?" అన్నాను.

"గుంటలే. వాటిల్లో సారా పీపాలు పెట్టుకునేవాళ్ళంట."

నాకు నవ్వాగలేదు. "అన్నయ్యా, అవి నాయనమ్మ కల్లుకుండల గుంటలు! నీకు గుర్తులేకపోవడమేంటి?"

అవతల తలుపు వేసిన చప్పుడు వినపడింది. తర్వాత గొంతు బాగా తగ్గించి అన్నాడు. "ఆ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియక్కర్లేదు. ఆ ఇల్లు నేను ఉద్యోగంలో చేరాక కొన్నానని చెప్పాను వాళ్ళకి. నువ్వు ఆదివారం రా, సంతోషంగా రా. కానీ అక్కడ నోరు మెదపనని నా మీద ఒట్టెయ్యి."

ఒట్టేశాను. వెయ్యకుండా ఎలా ఉంటాను? ఆ మనిషి గొంతులో అంత సంబరం నేను చిన్నప్పట్నుంచీ వినలేదు. తను పుట్టి పెరిగిన ఇంటి పేరు చెప్పుకోలేక జీవితమంతా దాటవేసినవాడికి, ఈ వయసులో ఆ ఇల్లే గొప్పదై ఎదురొచ్చింది. పైగా నాకూ ఉత్సాహం పట్టలేకుండా ఉంది. ఫోను పెట్టేసి, స్టవ్వు తుడుస్తూ, నాలో నేనే మాట్లాడుకున్నాను. దొర తాగితే చరిత్రట, మనవాడు తాగితే పరువు తక్కువట! అదే ఇల్లు, అవే గోడలు. నేను నోరు మూసుకుంటే మా నాయనమ్మ నాంచారమ్మ ఆ ఇంట్లో ఎప్పుడూ లేనట్టే. నోరు విప్పితే మా అన్నయ్య పదిమందిలో చిన్నబోతాడు. ఆ వారమంతా నాకు తిండి సహించలేదు, నిద్ర మాత్రం బ్రహ్మాండంగా పట్టింది, ఎందుకంటే కళ్ళు మూస్తే చాలు, నాయనమ్మ కల్లుపాకలో ఉన్నాను.

హారిక నాకు కూడా ఫోను చేసింది. చక్కటి పిల్ల, మాటకు ముందు నవ్వు. బందరంటే ఈ కాలం వాళ్ళకు లడ్డూ ఒక్కటే గుర్తొస్తుంది గానీ, ఆ అమ్మాయి చెబుతుంటే నాకే ఒళ్ళు పులకరించింది. డచ్చివాళ్ళు, ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు ఒకరి మీద ఒకరు పోటీ పడి మన అద్దకం బట్టల కోసం వచ్చి దిగిన రేవు అది. వాళ్ళు పోయారు, వాళ్ళున్న పేటలకు పడిన వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అనే పేర్లు మాత్రం మన రిక్షావాళ్ళ నోళ్ళలో మిగిలిపోయాయి. నెలల తరబడి సముద్రం మీద ఉప్పుగాలి పీల్చి దిగిన నావికులకు ముందు కావలసింది అన్నం కాదట, తాగే చోటట. వాళ్ళ దేశంలో ప్రతి రేవు వీధిలోనూ అలాంటి ఇళ్ళుండేవట. ఊళ్ళో కబుర్లన్నీ అక్కడే, ఓడల బేరాలక్కడే, కొట్లాటలూ రాజీలూ అక్కడే. ఇక్కడికొచ్చాక మన సారాలో నిమ్మకాయ, పంచదార, నీళ్ళు, మసాలా కలుపుకుని తాగడం అలవాటు చేసుకున్నారట. అయిదు సరుకులు గనక దానికి పంచ్ అని పేరట. "ఊహించుకోండి ఆంటీ, ఆ గోడల మధ్య ఎన్ని భాషలు వినిపించి ఉంటాయో!" అంది. ఊహించుకోవడం ఎందుకు తల్లీ, నా చెవులతో విన్నాను అని నాలిక చివరిదాకా వచ్చింది. ఒట్టు గుర్తొచ్చి మింగేశాను.

విన్నాను మరి! గోడలు నిజంగా దొరలవే కావచ్చు, నాకు తెలీదు. మా తాత ఆ జాగా కొన్నప్పటికి పైకప్పు లేని నాలుగు మొండిగోడలు, వాటి మధ్య జిల్లేడు. ఆయన తాటాకు కప్పించి కాపురం పెట్టాడు. మా వాళ్ళది కల్లుగీత. అయితే అప్పట్లో మద్యనిషేధం, కల్లు తీయడానికి వీల్లేదు. తాడిచెట్టెక్కి పులియకుండా లోపల సున్నం పూసిన లొట్టికుండ కట్టి, తీపినీరు దించి, తాటిబెల్లం వండుకుని బతికేవాళ్ళు. నాకు ఊహ తెలిసేసరికి నిషేధం ఎత్తేశారు, తాత పోయాడు, నాన్న చెట్టెక్కుతున్నాడు. అప్పుడు మా నాయనమ్మ కొంగు బిగించి, ముందు గదిని కల్లుపాకగా మార్చింది. గదిగోడలు రాతివైనా సరే, పైన తాటాకు ఉంది కాబట్టి అందరికీ అది పాకే.

కల్లుకుండకు అడుగు గుండ్రం. నేల మీద నిలబడదు, గడ్డిచుట్ట మీద పెట్టాలి. చుట్ట మీద పెడితే సాయంత్రం జనం తోపులాటలో ఏదో ఒక కుండ దొర్లేది. అందుకని నాయనమ్మ తాపీమేస్త్రిని పిలిచి ఇటుకతో అరుగు కట్టమంది. గుంటలు ఎంత లోతు పెట్టాలో ఆయనకు తెలియలేదు. "ఎన్ని అంగుళాలమ్మా?" అని అడిగితే, "అంగుళాలు నాకెందుకయ్యా, కుండనే అడుగుదాం" అని, తడి సున్నంలో కుండను కూర్చోబెట్టి, రెండు చేతులతో పట్టుకుని తిప్పింది. ఒక్కో గీతగాడి కుండ ఒక్కో తీరు, అందుకని ఎవరి కుండతో వాళ్ళ గుంట చేసింది. నాన్న కుండ గుంట అన్నిటికన్నా లోతు. ఆ సున్నం మోచేతులదాకా అంటుకుని, ఎండి, తెల్లటి చేతులతో నవ్వుతూ నిలబడ్డ నాయనమ్మ నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. నేనూ అన్నయ్యా ఆ సున్నం ముక్కలు ఒలిచే పనిలో పోట్లాడుకున్నాం.

మా ఇంట్లో పొద్దు వాసనతో మొదలయ్యేది. ముందు కుండలు కాచే పొగవాసన. నిన్నటి కుండలు కడిగి, తాటిమట్టల మంట మీద బోర్లించి కాచేది అమ్మ, లేకపోతే కొత్త కల్లు చెడిపోతుంది. ఆ పొగ ఆరేసరికి నాన్న, ఇంకా మా వీధి గీతగాళ్ళు కావిళ్ళతో వచ్చేవాళ్ళు. అప్పుడు కొత్త కల్లు వాసన, తియ్యగా, పచ్చిగా, లేత ముంజెను గోటితో గిల్లినట్టు. మధ్యాహ్నానికి అది కాస్త పులుపు తిరిగి ఈగల్నీ కందిరీగల్నీ పిలిచేది. సాయంత్రానికి అమ్మ వేయించే ఎండురొయ్యల పొట్టు, పీతల వేపుడు, మిరపకాయ వేసిన గుగ్గిళ్ళు. ఈ వాసనలన్నీ మా బట్టల్లో, జుట్టులో, పుస్తకాల్లో ఉండేవి. నాకు అవి వాసనలని కూడా తెలీదు, గాలి అంటే అదే అనుకునేదాన్ని.

కుండలన్నీ గుంటల్లో కూర్చున్నాక నాయనమ్మ మొదట ఒక ముంతెడు తీసి, గడప బయట నేల మీద అమ్మవారికి సాక పోసేది. పోసి, "తల్లీ, తాగినవాడు ఇంటికి చేరాలి" అనేది. వ్యాపారం బాగుండాలని అడిగిన గుర్తు నాకు లేదు. తర్వాత తాటిపీచు అడ్డం పెట్టి వడకట్టడం. గ్లాసులు లేవు. లేత తాటాకు మడిచి దొన్నె చేసి, తాగేవాడు దాన్ని రెండు చేతులా నోటికి పట్టుకుంటే, నాయనమ్మ చిన్న కుండతో ఎత్తిపోసేది. ఆ రోజుల్లో బజారు హోటళ్ళలో కొందరికి వేరే గ్లాసులుండేవి, బయట చూరులో పెట్టి ఉంచేవాళ్ళు. మా పాకలో ఎవడైనా కింద కూర్చోవాల్సిందే, ఎవడికైనా ఆకే. తాగిన తర్వాత ఆకు పారేస్తాడు, ఇక ఎవరి ఎంగిలి ఎవరికీ లేదు. గిలకలదిండి నుంచి వేటవాళ్ళు, పెడన నుంచి మగ్గం పనివాళ్ళు, చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేసేవాళ్ళు, బండ్లు తోలేవాళ్ళు, అందరూ అదే నేల మీద మోకాళ్ళు తగిలించుకుని కూర్చునేవాళ్ళు. వేటవాళ్ళు సముద్రం మీద చూసిన వింతలు చెబితే మగ్గంవాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. మగ్గంవాళ్ళు ఒక చీర నేయడానికి ఎన్ని పోగులు పడతాయో చెబితే వేటవాళ్ళు అసలు నమ్మేవాళ్ళు కాదు. ఎవరి గొప్ప వాళ్ళది, మధ్యలో నాయనమ్మ తీర్పరి. ఒక్కోసారి ఆ కేకలకు తాటాకు కప్పు లేచిపోతుందేమో అనిపించేది. నాకు ఆ కేకలంటే ప్రాణం! లోపలి గది తలుపుసందులోంచి వింటూ దొన్నెలు మడిచేదాన్ని.

ఒంటరిగా వచ్చి మూల కూర్చున్నవాడికి నాయనమ్మ కల్లు పోసేది కాదు. "వాడు దాహానికి రాలేదే, దుఃఖానికొచ్చాడు. ముందు పక్కన ఎవడినన్నా కూర్చోబెట్టాలి" అనేది. కూర్చోబెట్టి, మాటల్లోకి దించి, ఆ తర్వాతే ఆకు ఇచ్చేది. ఇంకో పద్ధతి మరీ గట్టిది. పాకకు పక్కగోడలో ఒక చిన్న కిటికీ ఉంది, సందులోకి. ఆడవాళ్ళు పాకలోకి వచ్చేవాళ్ళు కాదు గానీ, ఎవరింట్లోనైనా మొగుడు శ్రుతిమించుతున్నాడనిపిస్తే, ఆవిడ వచ్చి ఆ కిటికీ గూట్లో ఒక మట్టిముంత బోర్లించి, తన పేరు చెప్పి వెళ్ళిపోయేది. ఇక ఆ రోజు ఆ ఇంటి మగవాడికి చుక్క లేదు. వాడు ఎంత గింజుకున్నా, ఎంత బతిమాలినా, నాయనమ్మ కిటికీ వైపు చెయ్యి చూపించేది. "నన్నడుగుతావేంటయ్యా? ముంతనడుగు" అనేది. పాకంతా గొల్లుమనేది. ఆ నవ్వుకు భయపడి కొందరు తమంతట తామే తగ్గించుకున్నారు. అందరూ బాగుపడ్డారని నేననను, కొంపలు కూల్చుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ఆడవాళ్ళు కిటికీ దగ్గర ఏడిస్తే నాయనమ్మ కూడా గోడకు ఇవతల కూర్చుని ఏడవడం నేను చూశాను.

ఇవన్నీ ఒక ఎత్తు, మస్తాన్ సాయిబు ఒక ఎత్తు. మా వీధి చివర ఆయనకు రొట్టెల బట్టీ ఉండేది. తెల్లారగట్లే ఇత్తడి గిన్నె పట్టుకుని వచ్చి నిన్నటి పులిసిన కల్లు పోయించుకునేవాడు. ఆ కల్లుతోనే ఆయన పిండి పొంగేది. ఆయన చుక్క ముట్టని నమాజీ మనిషి. "ఏం సాయిబూ, కల్లు పట్టుకెళ్తున్నావు?" అని ఎవరైనా ఎగతాళి చేస్తే, "కల్లు నిప్పుల్లోకి పోద్ది, రొట్టె నోట్లోకి పోద్ది. నీ లెక్క అట్టా కాదు గదా!" అని నవ్వేవాడు. ఆ రొట్టె బందరంతా తినేది. మా పాక ముందు నుంచి వెళుతూ ముక్కు మూసుకునే ప్లీడరుగారి ఇంట్లో కూడా పొద్దున్నే పాలల్లో ముంచుకుని తినేవాళ్ళు. మా నాయనమ్మ కల్లు వద్దనుకున్నవాడు ఊళ్ళో ఎవడున్నాడు గనక! తెలియకుండా అందరూ మా పాక వాళ్ళే.

ఆ ప్లీడరుగారబ్బాయే మా అన్నయ్య పక్కన కూర్చునేవాడు బళ్ళో. ఒకనాడు లేచి, "సార్, వీడి దగ్గర కల్లు కంపు. నన్ను వేరే బెంచీలో కూర్చోబెట్టండి" అన్నాడు. క్లాసంతా నవ్వింది, మాస్టారూ నవ్వారు. ఆ అబ్బాయి సంచిలో ఉన్నది మస్తాన్ సాయిబు రొట్టే! ఈ సంగతి నేను చెబితే అన్నయ్య నవ్వలేదు. ఆ రోజు నుంచి బావి దగ్గర ఒంటి మీద తోలు పోయేలా రుద్దుకుని స్నానం చేసేవాడు. బళ్ళో ఎవరడిగినా మాది హోటలు అని చెప్పేవాడు. పాక గడప తొక్కడం మానేసి సందులోంచి ఇంట్లోకి వచ్చేవాడు. నాయనమ్మ ఒక్క మాట అనలేదు. "చదువుకుంటున్నాడు, చదువుకోనీ" అని, అన్నయ్య బట్టలు మాత్రం కల్లువాసన తగలకుండా మస్తాన్ సాయిబు ఇంటి పెరట్లో ఆరేయించేది.

ఉప్పెన వచ్చిన ఏడు మా వైపు తాడిచెట్లు సగం నేలకూలాయి. నాన్న, మా వీధివాళ్ళు ఎక్కే చెట్లన్నీ పోయాయి, కుండల్లోకి కల్లు లేదు. పాక మూతపడింది. ఆ తర్వాత వీధుల్లో సారా దుకాణాలు, ఆనక ఇంకో నిషేధం, ఆనక వైన్ షాపులు వచ్చాయి. అన్నయ్యకు టీచరుద్యోగం రాగానే నాయనమ్మను తన దగ్గరికి తీసుకెళ్ళాడు, ప్రేమగానే చూసుకున్నాడు, ఆ మాట అనకపోతే పాపం. కానీ ఆవిడ వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో పాక కబుర్లు మొదలెడితే లోపలినుంచి వచ్చి, "హోటలు అనవే నాయనమ్మా" అనేవాడు. నేను సెలవులకు వెళ్ళినప్పుడు నా ఎదుటే ఒకసారి అలా అన్నాడు. అంత నోరున్న మనిషి, పాకంతా శాసించిన మనిషి, "హోటలేలేరా" అని తలొంచుకుంది. పోయేవరకూ ఆవిడ మళ్ళీ ఆ కబుర్లు ఎత్తలేదు. 

ఆదివారం పొద్దున్నే విజయవాడలో బందరు బస్సెక్కాను. పామర్రులో అన్నయ్య ఎక్కాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, చేతిలో కొబ్బరికాయ సంచి, మొహం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది. కూర్చోగానే, "ఒట్టు గుర్తుందిగా?" అన్నాడు. "ఉందిలే" అన్నాను. దారంతా పంచ్ హౌస్ గురించి పాఠం చెప్పాడు. రెండు పక్కలా పచ్చటి వరి, కాలవ నిండా నీళ్ళు, నా పక్కన ఇంత ఆనందంగా మా అన్నయ్య. నేను కూడా ఆ దొరల్ని ప్రేమించేద్దామా అనిపించింది ఒక్క క్షణం.

బందరులో దిగి నడుస్తుంటే మలుపులో వైన్ షాపు కనిపించింది. ముందంతా ఇనుప ఊచలు, ఊచల్లోంచి ఒక చెయ్యి డబ్బు తీసుకుని సీసా ఇస్తోంది. ఆ చేతికి మొహం లేదు. పక్కన గోడ వైపు తిరిగి ఒక మనిషి నిలబడి, నీళ్ళ ప్యాకెట్టు కొరికి కలుపుకుని గటగటా తాగేసి మూతి తుడుచుకుని పోయాడు. ఎవరితోనూ మాట్లాడలేదు, వాణ్ణి ఎవరూ పలకరించలేదు. విజయవాడలో అయితే నల్లద్దాల బార్లు, లోపల ఎవరున్నారో బయటికి తెలియదు. తాగేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్ళను పేరు పెట్టి పిలిచి, ఇక చాలు ఇంటికెళ్ళు అనేవాళ్ళే లేరు. అన్నయ్య ఆ షాపు వైపు చూసి మొహం తిప్పుకున్నాడు, నేను ఏమీ అనలేదు.

ఇంటి ముందు షామియానా వేశారు. విద్యార్థులు, ఊరి పెద్దలు, చుట్టుపక్కల ఆడవాళ్ళు, పిల్లలు, ఓ పాతిక కుర్చీలు. బోర్డుకు పసుపు గుడ్డ కప్పారు. హారిక నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ గదిలో కాలు పెట్టాను! ఎరువుల వాసన ఇంకా పోలేదు, కప్పు రేకులదైంది, కానీ అరుగు అలాగే ఉంది. హారిక అందరినీ చుట్టూ నిలబెట్టి ఉత్సాహంగా చెబుతోంది. ఇదిగో, పీపాలు ఇక్కడ. ఇదిగో, ఈ మెట్టు మీద ఓడ కెప్టెన్లు కూర్చుని ఉంటారు. చివరికి పక్కగోడలో కిటికీ దగ్గరికి వెళ్ళి, "తాగిన మత్తులో కొట్టుకోకుండా నావికులు తమ కత్తులు ఇక్కడ అప్పజెప్పి లోపలికి వెళ్ళేవారని మా అంచనా" అంది. నాకు నవ్వు తన్నుకొచ్చి కొంగు నోట్లో కుక్కుకున్నాను. అన్నయ్య నావైపు కొరకొరా చూశాడు. ఆయన పెదవి చివర కూడా కదిలింది, నేను చూశాను.

అప్పుడు ఒక విద్యార్థిని అడిగింది. "మేడం, ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోయాక ఇక్కడ ఎవరున్నారు?"

హారిక తడుముకోలేదు. "చాలా కాలం ఖాళీగా పడి ఉండుంటుంది. సారు కొనకముందు ఎవరో ఆక్రమించుకుని ఉన్నట్టున్నారు. చూడండి, అసలు కట్టడాన్ని ఎలా పాడుచేశారో. గుంటలకు ఆ మోటు సున్నం పూత కూడా వాళ్ళ పనే అయుంటుంది. చరిత్ర విలువ తెలియనివాళ్ళు కదా!"

పాపం, ఆ పిల్ల తప్పేముంది? మేం చెప్పిందే ఆమె నమ్మింది. కానీ నా చెవుల్లో హోరు మొదలైంది. ఒట్టు వేసిన నోరు, అన్నయ్య మీద వేసిన ఒట్టు. పళ్ళు బిగించి అరుగు అంచు పట్టుకున్నాను. అందరూ ఆ గుంటల్ని జాలిగా చూస్తున్నారు. ఎవరో, "అయ్యో" అని కూడా అన్నారు.

"ఆక్రమించుకున్నవాళ్ళు కాదమ్మా."

అన్నది మా అన్నయ్య. కొబ్బరికాయ సంచి కింద పెట్టేశాడు. మొహంలో రక్తం లేదు. "మా నాయనమ్మ. పేరు నాంచారమ్మ. ఈ ఇల్లు నేను కొనలేదు, ఇక్కడే పుట్టాను. మీకు అబద్ధం చెప్పాను." ఊపిరి తీసుకుని అరుగు మీద చెయ్యి వేశాడు. "ఈ గోడలు ఎవరు కట్టారో నాకు తెలీదు. మీ దొరలే కట్టారేమో, తాగారేమో. గుంటలు మాత్రం మా నాయనమ్మవి. ఆ మోటు పూత ఆవిడ చేతులతో వేసింది. నేను చూస్తుండగా వేసింది."

 హారిక మొహం ఎర్రబడి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "సారీ సార్. నాకు తెలీక... బోర్డు తీసేయమంటారా?"

"తీయొద్దమ్మా. దొరల్ని కూడా ఉండనివ్వండి. చోటు లేదని ఆవిడ ఇక్కణ్ణుంచి ఎవర్నీ పంపించలేదు. కాకపోతే వాళ్ళ పైన ఆవిడ పేరు రాయండి."

"తప్పకుండా సార్. ఆవిడ ఇక్కడ ఏం నడిపేవారు? ఏమని రాయాలి?"

అన్నయ్య నోరు తెరిచాడు.  మళ్ళీ ప్రయత్నించాడు. పిల్లలకు జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషికి ఆ ఒక్క మాట పలకడం రాలేదు. నావైపు తిరిగాడు. ఆయన కళ్ళు అలా తడవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"నువ్వు చెప్పు, రత్నం" అన్నాడు. "నా నోటికి అలవాటు తప్పిపోయింది."

"నాంచారమ్మ కల్లుపాక" అన్నాను. బయట వీధిలో వాళ్ళు కూడా ఆగి చూసేంత గట్టిగా అన్నాను.